సున్నా తాళం

నవంబరు పద్నాలుగు, గురువారం. ఆ మధ్యాహ్నం హెల్గె తిన్నది పసుపు బఠాణీల చిక్కటి సూపు, గిన్నె అంచున కాస్త ఆవముద్ద, దాని తర్వాత జామ్ రాసిన పల్చటి అట్లు రెండు. గురువారం నాడు స్వీడన్‌లోని సుండ్స్‌వాల్‌లో సగం ఇళ్ళల్లో తినేది అదే. గుర్తు పెట్టుకోవాల్సినంత విశేషం అందులో లేదు. అయినా తర్వాత ఆ రోజును ఎప్పుడు తలుచుకున్నా అతనికి ముందు ఆవ ఘాటే ముక్కుకి తగిలేది. మిగతావన్నీ దాని వెనకాల ఒక్కొక్కటిగా వచ్చేవి.

ఆ పొద్దున అతను ఎప్పటిలాగే సెల్లార్లో, ఉతుకుగది నేల మీద మోకాళ్ళూని డ్రయ్యరు జల్లెడలోంచి నూగు తీస్తున్నాడు. బయట ఇంకా చీకటి. ఆ గదికి కిటికీ అంటే పైన వీధి మట్టానికి జానెడు అద్దం. దాని మీద రాత్రి కురిసిన మంచు పేరుకుని, వీధి దీపం వెలుతురు పాలు కలిసినట్టు లోపలికి వస్తోంది. జల్లెడలోంచి నూగు బూడిదరంగులో, మెత్తగా, పిల్లిబొచ్చులా ఊడి వచ్చింది. దాన్ని ముద్ద చేసి జేబులో వేసుకుని, గోడ పట్టుకుని లేచాడు. కుడి మోకాలు టక్కుమంది. ఈమధ్య అది రోజూ పలకరిస్తోంది.

పొడుగాటి మనిషి. సెల్లార్ గుమ్మాలకు తల తగలకుండా వంగీ వంగీ మెడ దగ్గర వంపు నిలిచిపోయింది. ఆరుబయట నిలబడినా కనిపించని గుమ్మంలోంచి దూరుతున్నట్టే ఉంటాడు. పెద్ద చేతులు, చలికాలం వస్తే వేళ్ళ కణుపుల దగ్గర పగుళ్ళు. తాళంచెవుల గుత్తిని ఒక పాత ఉన్ని మేజోడులో వేసి నడుముకి కట్టుకుంటాడు, నడుస్తుంటే గలగలమనకుండా. ఆ అలవాటు భార్య మైబ్రిట్ చేసింది. పొద్దున్నే నువ్వొస్తున్నట్టు అందరికీ తెలియక్కర్లేదు, పడుకోనీ పాపం అనేది. ఆమె పోయి ఆరేళ్ళయింది. మేజోడు రెండోది వాడుతున్నాడు, అదే జతలోది.

ఆ భవనానికి అతను కేర్‌టేకరు. బల్బులు మారుస్తాడు, రేడియేటర్లలో గాలి తీస్తాడు, మెట్ల మీద మంచు గడ్డకడితే ఇసక చల్లుతాడు. అతను సరిగ్గా పనిచేసిన రోజున ఎవరికీ ఏమీ కనిపించదు. దానికి అలవాటుపడిపోయాడు, పైగా అది అతనికి ఇష్టం కూడా. తను ఉండేది మాత్రం వంతెన అవతల ఒక అద్దె ఫ్లాటులో.

ఉతుకుగది గుమ్మం పక్కన గోడకి ఒక చెక్క బోర్డు ఉంది. నిలువునా తేదీలు, అడ్డంగా రోజుకి మూడు వేళలు, ప్రతిదానికీ ఒక రంధ్రం. ప్రతి ఫ్లాటుకీ అంకె చెక్కిన వేలెడంత ఇత్తడి తాళం ఉంటుంది. కావలసిన తేదీ ఎదురుగా రంధ్రంలో దాన్ని దోపి, తాళంచెవి తిప్పితే ఆ వేళ వాళ్ళది. ఇంకొకరు పీకలేరు. పెళ్ళి కుదిరినా, జ్వరమొచ్చినా, ప్రభుత్వం పడిపోయినా ఆ భవనంలో ఒకరి వేళలో మరొకరు బట్టలు ఉతకరు. అరగంట దాటినా మనిషి రాకపోతే మాత్రం ఎవరైనా తీసుకోవచ్చు. ఆ నిబంధనను పెద్దక్షరాలతో రాసి గోడకి అంటించినవాడు రెండో అంతస్తు స్టూరె. పన్నుల ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. జల్లెడ శుభ్రం చేయని వాళ్ళ గురించీ, మరచిపోయిన ఒంటి మేజోళ్ళ గురించీ, సబ్బు వాసన గురించీ అతని చీటీలు గోడ నిండా ఉన్నాయి. ప్రతి చీటీ కిందా సంతకం, తేదీ.

అన్నిటికన్నా కింద ఒక తాళం వేలాడుతుంటుంది, దాని మీద సున్నా. యంత్రాలు చెడిపోయినప్పుడు వేళను ఆపి ఉంచడానికి కేర్‌టేకరు వాడేది. హెల్గె ప్రతి గురువారం పదకొండు గంటల వేళలో ఆ సున్నాను దోపుతాడు. యంత్రాలేమీ చెడిపోవు.

ఎనిమిదింటికి లిఫ్టు దిగి గున్వోర్ వచ్చింది. ఆవిడకి తొంభై దగ్గరపడుతున్నాయి. చక్రాల చేబండి మీద బట్టల బుట్ట, బుట్ట మీద థర్మాస్, రేకు కాగితంలో చుట్టిన పొట్లం. చిన్న మనిషి, తెల్లటి జుట్టు వెనక్కి దువ్వి క్లిప్పు పెట్టుకుంటుంది. కళ్ళు లేత నీలం, ఇప్పుడు వాటికి వెలుతురూ నీడా తప్ప పెద్దగా ఏమీ ఆనవు.

"ఉన్నావా అబ్బాయ్?" అంది గుమ్మంలోంచే. అరవై నాలుగేళ్ళ హెల్గెని అబ్బాయ్ అనేది లోకంలో ఇప్పుడు ఆవిడ ఒక్కతే.

ముందు బోర్డు దగ్గరికి నడిచింది. ఈ గురువారపు తాళం తీసి, వేళ్ళతో తేదీల వెంట కిందికి దిగుతూ, వచ్చే గురువారం రంధ్రంలో దోపి చెవి తిప్పింది. ఒక్కసారి కూడా తడబడలేదు. పెళ్ళికి ముందు నుంచీ ఆవిడ ఊరి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసింది, ఊరి మాటలన్నీ రంధ్రాల్లో తీగలు గుచ్చి కలిపింది. చూపు తగ్గినప్పుడు హెల్గె ఆవిడ తాళం తల మీద ఆకురాయితో చిన్న గాటు పెట్టిచ్చాడు, మిగతా తాళాల మధ్య వేలికి తెలియడానికి. ఆవిడకి అదీ అక్కర్లేకపోయింది.

బుట్ట ఆ రోజు మామూలు కంటే బరువుగా ఉంది. దుప్పట్లతోపాటు కిటికీ తెరలు, బల్లగుడ్డలు, ఎప్పుడూ బయటికి తీయని లేసు దిండుగలీబులు. క్రిస్మస్ సర్దుడు ముందే మొదలెట్టిందనుకున్నాడు హెల్గె. యంత్రాలు నింపి, తన సంచీలోంచి తన దుప్పట్లు రెండు కూడా తీసి ఆవిడ వాటితో కలిపాడు.

ఇది ఎలా మొదలైందంటే, మైబ్రిట్ అంత్యక్రియలైన మరుసటి వారం గున్వోర్ అతన్ని మెట్ల దగ్గర ఆపింది. ఎలా ఉన్నావని అడగలేదు. అందరూ అదే అడిగారు. ఆవిడ అడిగింది, దుప్పటికి రెండో కొస ఎవరు పట్టుకుంటున్నారని. ఎవరూ లేరు. సగం ఆరిన దుప్పటిని చెరో కొసా పట్టుకుని, వెనక్కి వాలి, ఒక్క ఊపున లాగాలి. అప్పుడే ముడతలు పోయి అంచులు తిన్నగా వస్తాయి, ఇస్త్రీ రోలరులో పెడితే కాగితంలా దిగుతుంది. ఒంటరివాడికి అది కుదరదు. గున్వోర్ భర్త అంతకు ముందే పోయాడు కాబట్టి ఆవిడకీ కుదరడం లేదు. అయితే ఆవిడ చేతులు నిదానం. మూడు గంటల వేళలో ఉతకడమే అవుతుంది, లాగడం మిగిలిపోతుంది. అందుకని సున్నా తాళం. నిబంధన ప్రకారం చూస్తే అది దొంగతనమేనని హెల్గెకి తెలుసు. ఆరేళ్ళుగా ఎవరూ కనిపెట్టలేదని అతని ధీమా.

పదకొండింటికి వాళ్ళు దుప్పట్లు లాగుతుండగా నీలం కంపెనీ అమ్మాయి వచ్చింది.

ఆ సాయంత్రం ఫ్లాట్లవాళ్ళ సంఘం సమావేశం. భవనానికంతటికీ కలిపి ఒకే ఇంటర్నెట్ కంపెనీని ఎంచుకోవాలి. చివరికి రెండు మిగిలాయి. కరపత్రాల రంగును బట్టి ఒకటి నీలం, ఒకటి పసుపు. నీలానిది వేగం వెయ్యి మెగాబిట్లు, పసుపుది తొమ్మిది వందల యాభై. రెండూ దాదాపు ఒకేలా ఉండడంతో నెల రోజులుగా మెట్ల మీద, లిఫ్టులో అదే చర్చ. నీలం వాళ్ళు ఒకటి అదనంగా ఇస్తామన్నారు. ఉతుకుగదికి తాకితే పనిచేసే తెర, ఫోనులోంచే వేళ ఖరారు చేసుకోవచ్చు.

అమ్మాయి గుమ్మంలో ఆగి, కడిగిన నేల చూసి, ఎవరూ చెప్పకుండానే బూట్లు విప్పేసింది. మేజోళ్ళతో బోర్డు దగ్గరికి వచ్చి కొలత టేపు తీసింది. ఈ చెక్క తీసేస్తే తెర సరిగ్గా ఇక్కడ పడుతుందని హెల్గెకి వివరించింది. వేళ అయిపోగానే తలుపుకి దానంతటదే తాళం పడుతుంది, యంత్రాలకు కరెంటు ఆగిపోతుంది, ఇంక ఎవరూ ఎవరితోనూ పోట్లాడుకోవక్కర్లేదు. ఇష్టంగా చెప్పింది, మంచి కబురు చెప్పినట్టు.

హెల్గె దుప్పటి కొస పట్టుకుని నిలబడిపోయాడు. పదకొండింటికి తలుపుకి తాళం పడిపోతే సున్నాకి చోటు లేదు. సున్నా లేకపోతే గురువారం లేదు. తను సంఘంలో సభ్యుడు కాదు, చెయ్యెత్తే హక్కు లేదు, నోరెత్తితే దేనికోసమో చెప్పాలి.

"అది ఎంత వేగమమ్మా?" అని అడిగింది గున్వోర్.

"వెయ్యి."

"నా దుప్పట్లకి వెయ్యి అక్కర్లేదు. నా రోజుల్లో స్టాక్‌హోమ్ లైను కలవడానికి అరగంట పట్టేది. కలిశాక మాత్రం ఎవరూ తొందరగా పెట్టేసేవాళ్ళు కాదు. రా, ఈ తెర కొస పట్టుకో. మావాడు నిలబడే నిద్రపోతున్నాడు."

అమ్మాయి నవ్వుతూ టేపు కింద పెట్టి, కిటికీ తెర కొస అందుకుని, గట్టిగా లాగబోయి ముందుకు తూలింది. ఆవిడ బలం అంత ఉంటుందని అనుకోలేదు. ఆ తర్వాత ముగ్గురూ మడత బల్ల చుట్టూ కూర్చుని థర్మాస్‌లోని సూపు పంచుకున్నారు, పొట్లంలోని అట్లు తిన్నారు. అమ్మాయికి ఆవముద్ద ఎక్కువై కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వెళ్ళేటప్పుడు గుమ్మంలో కూర్చుని శ్రద్ధగా బూట్ల తాడు కట్టుకుంది.

హెల్గెకి మైబ్రిట్ గుర్తొచ్చింది. వాళ్ళింట్లో ఇంటర్నెట్ పెట్టించుకున్నప్పుడూ ఇదే గొడవ, రెండిటి వేగమూ ఒకటే. హెల్గె కరపత్రాలు పక్కపక్కన పెట్టుకుని రెండు సాయంత్రాలు చూశాడు. మైబ్రిట్ ఒక్క మాటలో తేల్చింది. ఒక కుర్రాడు చెప్పకుండానే బూట్లు విప్పాడు, రెండోవాడు తివాచీ తొక్కాడు, ఇందులో ఆలోచించేదేముంది అని. పన్నెండేళ్ళుగా ఆ కంపెనీయే ఉంది, ఒక్కరోజు ఇబ్బంది పెట్టలేదు. మైబ్రిట్ లెక్కన అయితే ఈ రోజు నీలమే గెలవాలి. ఆ ఆలోచన అతన్ని ఇంకా ఇరుకున పెట్టింది. ఆ పిల్ల మీద కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేకుండా పోయింది.

"సాయంత్రం మీటింగులో వాళ్ళకి ఏది మంచిదో అది పెట్టుకోనీ," అంది గున్వోర్ లిఫ్టు ఎక్కుతూ. "నా పేరు ఎవరూ ఎత్తకూడదు. నువ్వైతే అసలు ఎత్తకూడదు."

ఆవిడ ఆత్మాభిమానం అనుకున్నాడు హెల్గె. తలూపాడు. చూపు లేని మనిషికి తలూపడం కనిపించదని గుర్తొచ్చేసరికి లిఫ్టు వెళ్ళిపోయింది.

మూడున్నరకే చీకటి పడింది. మెట్ల మీద ఇసక చల్లి, కింది అంతస్తు హాల్లో కుర్చీలు వేసి, కాఫీ పెట్టి, దాల్చినచెక్క బన్నులు పళ్ళెంలో సర్దాడు. ఏడింటికి జనం వచ్చారు. కోట్లు చిలక్కొయ్యలకు తగిలించి, కాఫీ పోసుకుని, ఎప్పుడూ కూర్చునే చోట్లలోనే కూర్చున్నారు. హెల్గె వెనక, కాఫీ ఫ్లాస్కు పక్కన నిలబడ్డాడు. అధ్యక్షురాలు అన్నెలీ స్కూలు టీచరు. చెక్క సుత్తితో బల్ల మీద కొట్టి, రెండు కంపెనీల సంగతీ చదివి వినిపించింది. గొంతులోనే తెలుస్తోంది, ఆమెకి కూడా విసుగ్గా ఉందని.

పై అంతస్తు హాంపస్ నీలం కావాలన్నాడు. ఇరవై అయిదేళ్ళ కుర్రాడు, కంప్యూటరు ఆటలు ఆడతాడు. యాభై ఎక్కువుంది కదా, ఎందుకు వదులుకోవాలి అన్నాడు.

"యాభై ఎక్కువైతే ఏమవుతుంది? ఆటలో ఇంకాస్త తొందరగా చస్తావు," అన్నాడు స్టూరె.

అందరూ నవ్వారు, హాంపస్ కూడా. రాత్రి డ్యూటీ నర్సు తనకూ నీలమే నయమంది, బస్సులోంచే ఉతుకుడు వేళ పెట్టుకోవచ్చు. ఇంకొకరు ఆ పాత బోర్డు మ్యూజియంలో పెట్టాల్సిందేనన్నారు. తలలు ఊగుతున్నాయి. గాలి నీలం వైపే ఉంది. హెల్గె బన్నుల పళ్ళేన్ని అటొక్కసారి ఇటొక్కసారి తిప్పాడు. అన్నెలీ సుత్తి అందుకోబోయింది.

స్టూరె చెయ్యెత్తాడు. అతని చేతిలో కళ్ళజోడు ఉంది, దాన్ని తుడుచుకుంటూ, ఎవరి వైపూ చూడకుండా అడిగాడు.

"ఒక చిన్న వివరం. ఆ తెరలో సున్నా తాళం ఎక్కడ పెట్టాలి?"

అన్నెలీ కాగితాల్లోకి చూసింది. నర్సు తన కాఫీ కప్పులోకి చూసింది. ఎవరూ వెనక్కి తిరగలేదు, అందరూ కూడబలుక్కున్నట్టు. అప్పుడు అర్థమైంది హెల్గెకి. అందరికీ తెలుసు. ఆరేళ్ళుగా తెలుసు. జల్లెడలో నూగు మిగిలితే చీటీ రాసే స్టూరె, ప్రతి గురువారం చెడిపోయే యంత్రాల గురించి ఒక్క చీటీ కూడా రాయలేదు. గురువారం పదకొండింటికి బుట్ట పట్టుకుని కిందికి దిగినవాళ్ళు ఎవరూ లేరు, ఒక్కసారి కూడా.

ఆ తెరలో అలాంటి సౌకర్యం ఉన్నట్టు లేదని అన్నెలీ మెల్లగా చెప్పింది.

"అయితే నాకు పసుపు చాలు," అన్నాడు హాంపస్. "ఆ యాభై లేకపోతే చావను కదా."

నర్సు చెయ్యెత్తింది. మ్యూజియం మాట అన్నవాళ్ళూ ఎత్తారు. స్టూరె అందరికన్నా ఆఖర్న, సరిగ్గా భుజం ఎత్తు వరకే ఎత్తాడు. సుత్తి పడింది. ఆ తర్వాత సైకిలు షెడ్డు గురించి గంటసేపు గట్టిగా పోట్లాడుకున్నారు. మొహాలు తేలిగ్గా ఉన్నాయి.

కుర్చీలు సర్దేసి, మిగిలిన బన్ను ఒకటి పేపరు రుమాల్లో చుట్టుకుని హెల్గె మూడో అంతస్తుకి ఎక్కాడు. లిఫ్టు ఎక్కలేదు. మోకాలు కూడా ఏమీ అనలేదు.

గున్వోర్ తలుపు తీసి, బన్ను వాసనకి నవ్వి, లోపలికి రమ్మంది. దీపం ఆవిడకి అక్కర్లేదు కాబట్టి హెల్గె తనే స్విచ్ వేశాడు. వేస్తూనే మాట మొదలెట్టి, జరిగిందంతా చెప్పాడు. స్టూరె ప్రశ్న, నిశ్శబ్దం, హాంపస్ మాట, బోర్డు ఉండిపోవడం. ఇంత గబగబా అతను మాట్లాడి చాలా కాలమైంది. ఆవిడ మధ్యలో ఆపలేదు. బన్ను చిన్న ముక్కలుగా తుంపుకుని తింటూ, స్టూరె ప్రశ్న దగ్గర ఒకసారి నవ్వి, మళ్ళీ చెప్పించుకుంది.

చెప్పడం అయ్యాక గాని హెల్గె గదిని చూడలేదు. కిటికీలకి తెరలు లేవు. పొద్దున ఇద్దరూ కలిసి లాగిన తెరలు కుర్చీ మీద మడతలతో ఉన్నాయి. వాటి పక్కన బల్లగుడ్డలు, దుప్పట్లు, లేసు గలీబులు ఒకదాని మీద ఒకటి. గోడకి ఫోటోలు ఉన్నచోట తెల్లటి చతురస్రాలు.

"నాకు గది దొరికింది అబ్బాయ్," అంది గున్వోర్. "పెద్దవాళ్ళ హోములో. సోమవారం బండి వస్తుంది. పొయ్యి ఆపడం రెండుసార్లు మరిచిపోయాను, మూడోసారి దాకా ఆగడం మర్యాద కాదు."

హెల్గె కూర్చున్నాడు.

"మంచి గదేనట. కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందట. అది నాకెందుకు చెప్పారో తెలీదు." బన్ను ఆఖరి ముక్క నోట్లో వేసుకుని, "బట్టలు వాళ్ళే ఉతుకుతారు. మెత్తగా, ముద్దగా ఇస్తారు. నేనేమీ అననులే," అంది.

పొద్దున్నే ఎందుకు చెప్పలేదని అడిగాడు. చెబితే సూపు సరిగ్గా తినేవాడివి కాదని ఆవిడ జవాబు. అది నిజం. ఆ మాటే అతనికి చివరిదాకా మిగిలింది, ఆ మధ్యాహ్నం తను రెండుసార్లు వడ్డించుకుని, తృప్తిగా, గిన్నె తుడుచుకుని తిన్నాడని.

వాళ్ళు ఆ బోర్డును నీకోసమే ఉంచారు కదా, ఇప్పుడెలా అన్నాడు హెల్గె.

"నాకోసం అని ఎవరైనా అన్నారా? సున్నా కోసం అన్నారు. అది నీ తాళం." ఆవిడ వేళ్ళ మీది చక్కెర దులుపుకుంది. "స్టూరె దుప్పటి కొస తలుపు గుబ్బకి కట్టి లాగుతాడు, తెలుసా? ఆదివారాలు. గుబ్బ చప్పుడు నాకు వినిపిస్తుంది, టక్, టక్ అని. భార్య పోయిన దగ్గర్నుంచీ అంతే. అతన్ని పిలు. పిలవనిదే రాడు, పిలిస్తే ముందు కుదరదంటాడు. రెండుసార్లు పిలు."

లేవబోతుంటే ఆవిడ చేతి సంచి తడిమి చిన్న తాళంచెవి తీసి అతని అరచేతిలో పెట్టింది. బోర్డులోంచి తాళం ఎప్పుడు తీయమంటావని అడిగాడు హెల్గె. వెళ్ళిపోయేవాళ్ళ తాళాలు తీసి డబ్బాలో వేయడం అతని పనే.

"వచ్చే గురువారం దాటనీ," అంది గున్వోర్. "అరగంటయినా రాలేదని స్టూరె నామీద ఒక చీటీ రాయనీ. ఇన్నేళ్ళలో నామీద ఒక్కటీ రాయలేదు, వెలితిగా ఉంది."

ఇద్దరూ నవ్వారు. గుమ్మం దగ్గర ఆవిడ చెయ్యి చాచి అతని మొహం కోసం వెతికింది, చెంప దొరకగానే రెండుసార్లు తట్టింది.

కిందికి దిగుతూ హెల్గె రెండో అంతస్తులో ఆగాడు. స్టూరె తలుపు వెనక టీవీ వార్తలు వినిపిస్తున్నాయి. రేపు, అనుకున్నాడు. రేపొకసారి, ఎల్లుండొకసారి.

ఉతుకుగదిలో సబ్బు వాసన, వేడి ఇనుము వాసన ఇంకా ఉన్నాయి. యంత్రాల మూతలు గాలికి తెరిచిపెట్టి, కుళాయిలు చూసి, మడత బల్ల తుడిచాడు. బల్ల మీద ఒకచోట ఆవముద్ద ఎండిపోయి ఉంది, వేలుతో గీకాడు. నీలం కంపెనీ అమ్మాయి వచ్చిన హడావిడిలో వచ్చే వారానికి సున్నాను దోపడం మరిచిపోయాడు. ఈ రోజు రంధ్రంలోనే ఉన్న దాన్ని తీసి, వచ్చే గురువారం పదకొండు గంటల రంధ్రంలో పెట్టి తిప్పాడు. ఒక్క క్షణం దాని మీద వేలు అలాగే ఉంచాడు.

దీపం ఆర్పి, నిద్రపోయేవాళ్ళకి వినబడకుండా, తలుపును రెండు చేతులతో పట్టుకుని మెల్లగా మూశాడు.

లోపల, అద్దంలోంచి దిగుతున్న మంచు వెలుతురులో, సున్నాకి ఎడమ పక్కన గున్వోర్ తాళం దాని చోట అది ఉంది, తల మీద చిన్న గాటుతో.